పర్షియా అని రాస్తే పోతుందిగా

మా పక్కింటి అమ్మాయి మొన్న మా సోఫాలో కూర్చుని, ఒక చేత్తో ఉప్మా తింటూ ఇంకో చేత్తో ఫోన్‌లో బ్యాంక్ అకౌంట్ ఓపెన్ చేసింది. ప్లేట్ ఖాళీ అయ్యేలోపు పని అయిపోయింది. "ఆంటీ, మరి మీరు బ్యాంకులో రోజంతా ఏం చేసేవాళ్ళు?" అని అడిగింది. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలియక అడిగింది.

ఏం చేసేదాన్నో చెప్పబోతే, ఒక్క అకౌంట్ కోసం మేమంతా ఒక చలికాలం తన్నుకులాడిన సంగతి గుర్తొచ్చింది. సగం చెప్పేసరికి ఆ పిల్లకి మీటింగ్ టైమైంది. అందుకని మొత్తం ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నాకు అప్పుడూ అర్థం కానివి, ఇప్పటికీ అర్థం కానివి కొన్ని ఉన్నాయి. వాటిని అర్థమైనట్టు మాత్రం రాయను.

డెబ్బైల చివర్లో మేం అమెరికాలో డాలస్ పక్కనున్న ప్లేనో వచ్చాం. మావారికి ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఉద్యోగం. నేను హన్మకొండలో బీకాం చదివినదాన్ని, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఊళ్ళో ఉన్న చిన్న బ్యాంకులో చేరాను. టెక్సాస్‌లో అప్పట్లో బ్యాంకులకు బ్రాంచీలు ఉండేవి కావు. ఏ బ్యాంకు ఆ బ్యాంకే, దాని యజమానులు ఊళ్ళో పెద్దమనుషులే. మొదట నన్ను డ్రైవ్-ఇన్‌లో పెట్టారు. కస్టమర్ కార్‌లోనే కూర్చుని గొట్టంలో చెక్కు ఉన్న డబ్బా పెడితే అది గాలికి కొట్టుకుంటూ మా దగ్గరికి వచ్చేది. తర్వాత లోపల, కొత్త అకౌంట్ల డెస్క్‌కి మార్చారు.

పక్క డెస్క్‌లో నాకంటే వయసులో చాలా పెద్దామె ఉండేది. ఆమె జుట్టు ఎంత గాలి వీచినా కదిలేది కాదు. పని నేర్పింది ఆమే. సెలవు రోజుల్లో చర్చి పార్కింగ్ లాట్‌లో నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆమే. మా ఇద్దరి మీదా మేనేజరు. హోదా వైస్ ప్రెసిడెంట్, కానీ చేసేది మేనేజరు పనే కాబట్టి అలాగే అంటాను. సూట్ కింద కౌబాయ్ బూట్లు వేసుకునేవాడు. ఎవరి మీదా గొంతు పెంచేవాడు కాదు. ఏదైనా తేల్చాల్సి వస్తే కిటికీ దగ్గరికి వెళ్ళి పార్కింగ్ లాట్ చూస్తూ నిలబడేవాడు. ఎంతసేపు నిలబడితే అంత పెద్ద చిక్కు అన్నమాట.

డెబ్బై తొమ్మిది నవంబర్‌లో ఇరాన్‌లో అమెరికా ఎంబసీ వాళ్ళని బందీలుగా పట్టుకున్నారు. టీవీ పెడితే అదే. పక్క డెస్క్ ఆమె ఇంటి నుంచి బందీలు క్షేమంగా తిరిగిరావాలని పసుపు రిబ్బన్ తెచ్చి బ్యాంకు తలుపుకి కట్టింది. అప్పటిదాకా నన్ను చూసి నవ్వుతూ పలకరించే కస్టమర్లలో కొందరు నా డెస్క్ దాటి పక్క డెస్క్ దగ్గర నిలబడటం మొదలుపెట్టారు. ఒకాయన నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళి, "ఆ ఇరాన్ అమ్మాయి చేత నా పని చేయించొద్దు" అన్నాడు.

మేనేజరు కిటికీ దగ్గర కాసేపు నిలబడి, మర్నాడు నా డెస్క్ మీద పెట్టడానికి ఒక చిన్న బోర్డు చేయించి తెచ్చాడు. దాని మీద ఇండియా అని పెద్ద అక్షరాలు. "తప్పుగా అనుకోకు, నీకు మేలు చేద్దామనే" అన్నాడు. తప్పుగా అనుకోవాలో లేదో నాకు తెలియలేదు. థాంక్స్ చెప్పాను. ఆ తర్వాత జనం వచ్చి, నన్ను అమెరికా ఆదివాసీ ఇండియన్ అనుకుని, "మీది ఏ తెగ? ఓక్లహోమా నుంచి వచ్చారా?" అని అడగటం మొదలైంది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం ఇంకా కష్టమైపోయింది.

ఇలాంటి రోజుల్లో ఆ అకౌంట్ కోసం ఒక పెద్దావిడ వచ్చింది.

మేనేజరు నా దగ్గరికి వచ్చి మెల్లగా, "మీవాళ్ళెవరో వచ్చారు. ఇంగ్లీషు రాదు. నువ్వు మాట్లాడు" అన్నాడు. తెలుగువాళ్ళేమోనని లేచి వెళ్ళాను. అరవై దాటిన మనిషి. నల్ల కోటు, తలకి పూల రుమాలు, చేతిలో పెద్ద తోలు సంచీ. నన్ను చూడగానే తన భాషలో గడగడా ఏదో చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను ఇంగ్లీషులో మాట్లాడాను. ఆవిడకి అర్థం కాలేదు. ఇద్దరం నిలబడి ఒకరినొకరు చూసుకున్నాం. వెనక మేనేజరు, మేం మాట్లాడుకుంటున్నామనుకుని తృప్తిగా తల ఊపుతున్నాడు.

అప్పుడావిడ సంచీలోంచి పాస్‌పోర్ట్ తీసి డెస్క్ మీద పెట్టి, "హెసాబ్" అంది.

మా నాన్న తహసీల్ కచేరీలో గుమాస్తా. నిజాం కాలంలో ఉర్దూ చదువుకున్న మనిషి. ఇంట్లో లెక్క అనే మాట కంటే హిసాబు అనే మాటే ఎక్కువ వినేవాళ్ళం. నేను అద్దాల గదిలో, ఫ్లోరసెంట్ లైట్ల కింద, ప్లేనోలో ఉన్నానన్న సంగతి ఒక్క క్షణం మర్చిపోయాను. "హిసాబు?" అన్నాను. ఆవిడ మొహం విచ్చుకుంది. కాయితం చూపించి "కాగజ్" అంది. "కాగజ్, అవును" అన్నాను. నేను "తారీఖు" అన్నాను, ఆవిడ పుట్టిన తారీఖు వేళ్ళతో చూపించింది. "రసీదు" అంటే "రెసీద్" అని తల ఊపింది. నా బోర్డు చూసి "హెండ్" అంది, ఇండియా అని. మన కచేరీ మాటల్లో సగం వాళ్ళ దేశం నుంచి వచ్చినవని ఎక్కడో చదివాను కానీ, ఇలా పనికొస్తాయని అనుకోలేదు.

కొడుకు ఇంగ్లీషులో రాసిచ్చిన చీటీ కూడా ఆవిడ దగ్గర ఉంది. దాన్నిబట్టి తెలిసిందేమిటంటే, ఆవిడ రిటైర్ అయ్యాక కొడుకుని చూడటానికి వచ్చింది. ఈలోగా అక్కడ పరిస్థితులు మారిపోయి వెనక్కి వెళ్ళే వీలు లేకుండా పోయింది. కొడుకు గ్రీన్‌కార్డ్ ఉన్న ఇంజనీరు. కంపెనీ అతన్ని పశ్చిమ టెక్సాస్‌లో చమురు బావుల దగ్గరికి పంపుతోంది. ఆవిడ ఒక్కతే ఇక్కడ అపార్ట్‌మెంట్‌లో ఉండాలి. అద్దెకి అపార్ట్‌మెంట్ వాళ్ళు నగదు తీసుకోరు, ఊరి బ్యాంకు చెక్కు తప్ప వేరే చెక్కు ఒప్పుకోరు. కొడుకు అకౌంట్ హ్యూస్టన్‌లో ఉంది. కాబట్టి ఆవిడ పేరు మీద ఇక్కడ అకౌంట్ లేకపోతే ఆవిడకి ఆ ఇల్లు ఉండదు.

కొత్త అకౌంట్ కార్డ్ నింపుతూ నింపుతూ వృత్తి అన్న చోటికి వచ్చాను. ఏం ఉద్యోగం చేసేవారో అడగాలి. నాకు తోచిన మాట "నౌకరీ?" అన్నాను.

ఆవిడ వీపు నిటారుగా అయింది. "నౌకర్? మన్?" అని గుండె మీద చెయ్యి పెట్టుకుంది. అవమానం జరిగినట్టు మొహం ఎర్రబడింది. వాళ్ళ భాషలో నౌకర్ అంటే ఇంట్లో పనిమనిషి అని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆవిడ ఒక్కో మాటా విడదీసి గట్టిగా చెప్పింది. "నా, ఖానుమ్. మన్ మామా బూదమ్."

మామా అన్న మాట నాకు స్పష్టంగా వినపడింది. మనకి మామ అంటే ఒకటే అర్థం. ఈవిడకి మేనమామో, మామగారో ఉన్నారు, ఆయన ఉద్యోగస్తుడు, ఆ విషయాలు ఆయన చూస్తారు అని అర్థం చేసుకున్నాను. "మామా" అని, చేత్తో తలుపు వైపు చూపించి, మళ్ళీ ఇటు రమ్మన్నట్టు సైగ చేసి, "గురువారం" అని కేలెండర్‌లో చూపించాను. ఆవిడ సంతోషంగా ఒప్పుకుంది.

ఆవిడ వెళ్ళాక పక్క డెస్క్ ఆమె పాస్‌పోర్ట్ నంబర్ రాసిన కాయితం చూసి, "హనీ, ఇది ఇరాన్" అంది. కోపంగా కాదు, వంటగదిలో గ్యాస్ వాసన వస్తోందని చెప్పినట్టు చెప్పింది.

నాకు తెలియదని కాదు. కానీ ఆ మాట పైకి అనేసరికి అందరం ఆగిపోయాం. ఇరాన్ ఆస్తులు స్తంభింపజేశామని ప్రభుత్వం ప్రకటించింది. ఏ ఆస్తులు, ఎవరివి అన్నది మా ఊళ్ళో ఎవరికీ సరిగ్గా తెలియదు. మేనేజరు కిటికీ దగ్గరికి వెళ్ళాడు. చాలాసేపటికి వెనక్కి తిరిగి, "డాలస్‌లో లాయరుని అడుగుతాను. అప్పటిదాకా ఆ కార్డ్ నా సొరుగులో ఉంటుంది" అన్నాడు.

గురువారం పెద్దావిడ ఒక్కతే వచ్చింది. నేను అటూ ఇటూ చూసి, "మామా?" అని అడిగాను. ఆవిడ తన వైపు చూపించుకుని, "మామా" అంది. నేను మళ్ళీ, "కాదు, మామా ఎక్కడ?" అన్నాను. ఆవిడ మళ్ళీ తననే చూపించుకుంది, ఈసారి కొంచెం విసుగ్గా. మేనేజరు తన గది గుమ్మంలోంచి విన్నాడు. "నీకెందుకు అర్థం కావట్లేదు? ఆవిడ తల్లి. మామా. వృత్తి దగ్గర తల్లి అని రాయి, అయిపోతుంది" అన్నాడు. నాకది కూడా సరిగ్గా అనిపించలేదు. కానీ అంతకంటే మంచిది తోచక పెన్సిల్‌తో గృహిణి అని రాశాను. లాయరు దగ్గర్నుంచి ఇంకా కబురు రాలేదు. ఆవిడకి కాఫీ ఇచ్చి, వచ్చే గురువారం అని మళ్ళీ కేలెండర్ చూపించాను. కాఫీ తెచ్చిచ్చింది పక్క డెస్క్ ఆమె. కప్పు డెస్క్ మీద పెట్టింది కానీ ఆవిడ మొహం చూడలేదు.

అలా ఎన్ని గురువారాలు తిరిగిందో. వచ్చిన ప్రతిసారీ బ్యాంకులో ఉన్న కస్టమర్ల మాటలు ఆగిపోయేవి. మేం ఇద్దరం ఒక డెస్క్ దగ్గర కూర్చుంటే చూసేవాళ్ళకి ఇద్దరం ఒకటే. ఇండియా బోర్డుని ఆవిడ వైపు కాకుండా హాలు వైపు తిప్పాలా అని ఆలోచించేదాన్ని. ఒక్కోసారి తిప్పేదాన్ని, ఒక్కోసారి సిగ్గేసి వెనక్కి తిప్పేదాన్ని. ఆ బోర్డు నన్ను ఎవరి నుంచి కాపాడుతోందో, ఎవరి నుంచి విడదీస్తోందో తెలిసేది కాదు. ఇంటికి వెళ్ళి మావారికి చెబితే, "మనకెందుకు ఈ గొడవ? రూల్ ప్రకారం చెయ్యి" అనేవారు. రూల్ ఏమిటో తెలిస్తే కదా.

చివరికి లాయరు జవాబు వచ్చింది. ఆ ఉత్తర్వు ఇరాన్ ప్రభుత్వ ఆస్తులకే, మామూలు మనుషులకి కాదు. మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు. సరిగ్గా ఆ వారమే ఛైర్మన్ డైరెక్టర్ల మీటింగ్‌లో అన్నాడట, "చట్టం ఏమన్నా అననీ, నా బ్యాంకులో ఇరాన్ వాళ్ళ అకౌంట్ ఒక్కటి కూడా ఉండకూడదు" అని. ఆయనకి ఊరి బయట ఆవుల ర్యాంచ్ ఉండేది, బ్యాంకులో అందరికంటే పెద్ద వాటా ఆయనదే.

ఆ గురువారం పెద్దావిడ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. మాటకి ముందు నవ్వే అలవాటు. మర్నాడే అతను చమురు బావులకి వెళ్ళిపోవాలి. నా ఎదురుగా కూర్చున్నాడు. కార్డ్ మీద పెన్సిల్ రాత చూశాడు.

"గృహిణి అని ఎవరు చెప్పారు?"

"మీ అమ్మగారే. మామా అన్నారు. అమ్మ అన్న అర్థంలో అనుకున్నాం."

అతను పకపకా నవ్వాడు. తల్లికి చెప్పాడు. ఆవిడా నవ్వింది, మొదటిసారి. "మామా అంటే మా భాషలో మంత్రసాని. మా అమ్మ జీవితమంతా ప్రభుత్వాసుపత్రిలో పురుళ్ళు పోసింది. అక్కడే రిటైర్ అయింది."

నేను తల పట్టుకున్నాను. మేనమామని తీసుకురమ్మని పంపిస్తే, మంత్రసానిని రమ్మన్నారు కాబోలని ఆవిడ ప్రతివారం తనే వచ్చి కూర్చుందన్నమాట.

మేనేజరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఛైర్మన్ సంగతి నేరుగా చెప్పలేదు. అటూ ఇటూ తిప్పి, "చూడు బాబూ, దేశం అన్న చోట ఇరాన్ అని కాకుండా పర్షియా అని రాస్తే పోతుందిగా. పాత పేరే కదా. అబద్ధం కాదు. మా ఛైర్మన్ ఇంట్లో పర్షియన్ పిల్లి ఉంది, పర్షియన్ తివాచీలున్నాయి. వాటితో ఆయనకేం ఇబ్బంది లేదు" అన్నాడు.

కొడుకు వెంటనే ఒప్పుకున్నాడు. ఆఫీసులో తను ఇటలీ వాడినని చెప్పుకుంటున్నానని, పేరు కూడా అలాంటిదే పెట్టుకున్నానని మాకు చెప్పాడు. ఆ మాట కూడా నవ్వుతూనే చెప్పాడు. నేను టైప్‌రైటర్‌లో కార్డ్ పెట్టాను.

తల్లి కొడుకు మోచెయ్యి పట్టుకుని ఏమంటున్నారని అడిగింది. అతను ఏదో పొట్టిగా చెప్పి దాటేయబోయాడు. కానీ పర్షియా అన్న మాట ఆవిడ చెవిన పడనే పడింది. మళ్ళీ అడిగింది. ఈసారి అతను పూర్తిగా చెప్పక తప్పలేదు. చెబుతున్నంతసేపూ నేల చూస్తూ ఉన్నాడు.

ఆవిడ అరవలేదు. నిదానంగా, చాలాసేపు మాట్లాడింది. కొడుకు మొహంలో నవ్వు పోయింది.

"ఏమన్నారు?" అని మేనేజరు అడిగాడు.

తల్లి కొడుకు భుజం తట్టింది, చెప్పు అన్నట్టు.

"ఎంతమంది పిల్లలకో పుట్టిన ఊరు, దేశం తన చేత్తో రాసిందట. పెళ్ళికాని తల్లులు బతిమాలినా, డబ్బున్నవాళ్ళు బెదిరించినా ఎప్పుడూ తప్పు రాయలేదట. ఇప్పుడు తన ఒక్కదాని దగ్గరికి వచ్చేసరికి తప్పు రాయమంటున్నారా అని అడుగుతోంది." తల్లి వైపు ఒకసారి చూసి, "ఇల్లు పోతే పోనీ అంటోంది. నాతోపాటు బావుల దగ్గరికి వచ్చి రేకుల షెడ్‌లో ఉంటుందట" అన్నాడు.

మేనేజరు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మేమంతా ఆయన వీపు చూస్తూ కూర్చున్నాం. హాల్లో కస్టమర్లున్నారు, ఫోన్ మోగుతోంది, ఎవరూ ఎత్తట్లేదు.

అప్పుడు పక్క డెస్క్ ఆమె కుర్చీ తిప్పుకుంది. ఇన్ని వారాల్లో ఆ పెద్దావిడ వైపు సరిగ్గా చూసింది అప్పుడే. కొడుకుతో అంది, "మీ అమ్మని ఒకటి అడుగుతావా? మా అమ్మాయికి ఎనిమిదో నెల. బిడ్డ అడ్డం తిరిగిందన్నారు డాక్టర్లు. పిల్ల ఏడుస్తోంది. అది సర్దుకుంటుందా?"

కొడుకు ఇబ్బందిపడుతూనే అడిగాడు. పెద్దావిడ వెంటనే కుర్చీ ముందుకి జరుపుకుంది. ఎన్నో కాన్పు, తల ఎటుంది, కాళ్ళు వాచాయా, పిల్ల సరిగ్గా తింటోందా అని వరసగా అడిగింది. తన కడుపు మీద రెండు చేతులూ పెట్టి చూపిస్తూ, ఒక్కోసారి చివరి వారాల్లో దానంతటదే తిరుగుతుందని, తిరగకపోతే ఆపరేషన్ చేస్తారని, భయపడొద్దని, ఇంట్లో ఎవరైనా తిప్పుతామంటే మాత్రం అస్సలు ఒప్పుకోవద్దని చెప్పింది. కొడుకు కొన్ని మాటలకి ఇంగ్లీషు తెలియక చెవులు ఎర్రగా చేసుకుని చేతులతో చూపించాడు. పక్క డెస్క్ ఆమె అన్నీ శ్రద్ధగా విని, థాంక్స్ అని, తన పనిలోకి తిరిగిపోయింది. ఆ తలుపుకి రిబ్బన్ కట్టింది ఆమే, దాన్ని విప్పనూ లేదు. రెండూ ఒక మనిషిలో ఎలా సర్దుకుంటాయో నాకు తెలియలేదు. ఆమె కూతురికి తర్వాత ఆపరేషన్ చేసే బిడ్డని తీశారు, ఇద్దరూ క్షేమం.

మేనేజరు కిటికీ దగ్గర్నుంచి వచ్చాడు. నా టైప్‌రైటర్‌లోంచి కార్డ్ లాగి, తన పెన్నుతో దేశం దగ్గర ఇరాన్ అని, వృత్తి దగ్గర రిటైరైన మంత్రసాని అని రాసి, కింద సంతకం చేశాడు. "ఇక్కడ సంతకం పెట్టమని చెప్పు" అన్నాడు నాతో. ఆవిడ కుడి నుంచి ఎడమకి నిదానంగా సంతకం పెట్టింది.

ఆ తర్వాత ఏం జరిగిందంటే, చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. ఆవిడ నెలనెలా చెక్కు రాసింది, ఇల్లు నిలబడింది. ఛైర్మన్ ఆ అకౌంట్ ఎందుకు మూయించలేదో నాకు తెలియదు. అప్పుడప్పుడు వచ్చి నా డెస్క్ దగ్గర కూర్చునేది. మాకు ఉమ్మడిగా ఉన్న మాటలన్నీ అయిపోయాక ఊరికే కూర్చునేవాళ్ళం. బందీలు తిరిగొచ్చిన ఏడాదే కొడుక్కి కాలిఫోర్నియాలో ఉద్యోగం దొరికింది. ఆవిడ వచ్చి అకౌంట్ మూసి, నా రెండు చేతులూ పట్టుకుని ఏదో పెద్ద మాట చెప్పి వెళ్ళింది. నాకు తెలిసిన మాట అందులో ఒక్కటీ లేదు.

మేనేజరు మాత్రం అకౌంట్ తెరిచిన ఏడాది ఎండాకాలంలోపే వెళ్ళిపోయాడు. ఒకరోజు ఛైర్మన్ వచ్చాడు, ఇద్దరూ తలుపేసుకుని మాట్లాడుకున్నారు. తర్వాత మేనేజరు తన సామాను అట్టపెట్టెలో సర్దుకున్నాడు. ఆ కార్డ్ వల్లేనా, వేరే కారణమా అని మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. పక్క డెస్క్ ఆమె ఆ కార్డ్ వల్లే అనేది. క్యాషియర్ కాదనేవాడు. నేను రోజుకో రకంగా అనుకునేదాన్ని.

ఎనభైల చివర్లో చమురు ధర పడిపోయి టెక్సాస్‌లో బ్యాంకులు వరసగా మూతపడ్డాయి. మాదీ పడింది. ఒక శుక్రవారం ప్రభుత్వం వాళ్ళు వచ్చి తాళాలు తీసుకున్నారు, సోమవారం తలుపు మీద వేరే పేరు. నా ఉద్యోగం నిలిచింది కానీ చాలామందివి పోయాయి. ఆ రోజుల్లోనే మా వంటగదికి రంగు కొందామని హార్డ్‌వేర్ షాపుకి వెళితే, పెయింట్ కౌంటర్ వెనక ఏప్రన్ కట్టుకుని మా పాత మేనేజరు కనిపించాడు. ఆయన తర్వాత చేరిన బ్యాంకు కూడా మూతపడిందట. నన్ను గుర్తుపట్టాడు, మావారిని, పిల్లల్ని అడిగాడు. రంగు డబ్బా మిషన్‌లో పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు.

ఇన్నేళ్ళ తర్వాత ధైర్యం చేసి అడిగాను. "సార్, మీరు మా బ్యాంకు వదిలింది ఆ ఇరాన్ పెద్దావిడ అకౌంట్ వల్లేనా?"

"ఏ పెద్దావిడ?" అన్నాడు.

మిషన్ మోతలో వినపడలేదేమో అనుకుని గట్టిగా చెప్పాను. మామా సంగతి, పర్షియా సంగతి, ఆయన పెన్నుతో ఇరాన్ అని రాసి సంతకం పెట్టిన సంగతి. ఆయన నా మొహం వంక చూస్తూ విన్నాడు, వేరే ఎవరి గురించో వింటున్నట్టు.

"నేనలా చేశానా?"

"చేశారు. నా కళ్ళ ముందే."

నిజంగా గుర్తులేదో, గుర్తున్నా నా నోటితో వినాలనుకున్నాడో నాకు ఈ రోజుకీ తెలియదు. వెనక ఒకాయన బ్రష్షులు పట్టుకుని లైన్‌లో నిలబడ్డాడు. మేనేజరు ఆయన వైపు చూడలేదు. చెయ్యి చాపి మిషన్ ఆపేశాడు. మోత ఆగిపోయింది.

"మళ్ళీ చెప్పు. మొదటినుంచి" అన్నాడు.

మళ్ళీ చెప్పాను.